కమ్యూనిటీ కాలేజీలో సిటిజన్‌షిప్ క్లాసు: నా అనుభవం

కాలిఫోర్నియాలో మా ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం సిటిజన్‌షిప్ క్లాసుకు, అంటే అమెరికా పౌరసత్వ పరీక్షకు తయారుచేసే క్లాసుకు వెళ్లాను. ఇది నాన్-క్రెడిట్ కోర్సు, అంటే డిగ్రీకి లెక్కలోకి రానిది; ట్యూషన్ ఫీజు లేదు. అప్పటి పరీక్షకు 100 ప్రశ్నలు చదవాల్సి ఉండేది. ఇంటర్వ్యూలో పది వరకు అడిగేవారు, ఆరు సరిగ్గా చెబితే సరిపోయేది. వాటిని ఫోన్‌లో బట్టీ పట్టొచ్చు కదా అని మా ఆయన అన్నారు. నిజమే, పరీక్ష వరకే అయితే పట్టొచ్చు.

కానీ మా టీచరమ్మ అక్కడితో వదల్లేదు. 'మీ ప్రతినిధి ఎవరు?' అన్న ప్రశ్న రాగానే మా చేత పేరు వెతికించి, మా వీధి సమస్య మీద ఉత్తరం రాయించారు. నమూనా బ్యాలెట్ తెచ్చి ఒక్కో గడీ చదివించారు. అందులో కమ్యూనిటీ కాలేజీ ట్రస్టీల పదవులూ ఉన్నాయి! ఇక్కడ వాళ్లను స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. గుంటూరులో డిగ్రీ చదివిన నాకు, కాలేజీ పాలకమండలికి జనం ఓటేయడం కొత్త సంగతి.

ఒకరోజు ట్రస్టీల సమావేశానికి వెళ్లాం. నా పక్కన కూర్చునే వియత్నాం పెద్దావిడ లేచి, రాత్రి బస్సు త్వరగా ఆగిపోతోందని రెండు నిమిషాలు మాట్లాడింది. కాగితం పట్టుకున్న చేయి వణుకుతూనే ఉంది, మాట మాత్రం ఆగలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

లోపాలూ ఉన్నాయి. పార్కింగ్‌కు డబ్బు కట్టాలి, జిరాక్సు కాగితాలు మసకగా ఉండేవి, వెనక బెంచీకి మాట సరిగా వినబడదు.

ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు. అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు ముందు వరుసలో కూర్చోబెట్టండి.