చిన్న గ్యాస్ డబ్బా ఇంట్లో నింపుకోవాలా, కొత్తది కొనాలా, ఐదు కిలోల సిలిండర్ తెచ్చుకోవాలా: ఏది మేలు?

వరంగల్, హనుమకొండ నుంచి లక్నవరం, బొగత, పాండవుల గుట్ట వైపు టెంట్ పట్టుకుని పోయే దోస్తుల మధ్య ఒక లొల్లి తప్పకుండా నడుస్తుంది: పొయ్యికి గ్యాస్ ఎట్లా? 230 గ్రాముల బ్యూటేన్ డబ్బాకు రెండు వందలు పెట్టడం ఎందుకు, ఇంట్లో 14.2 కిలోల బండ ఉంది, నింపే అడాప్టర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖాళీ డబ్బాలోకి కొట్టుకుంటే సరిపోతుంది కదా అని ఒకరంటారు. కిలోల లెక్కన నింపే దుకాణంలో చిన్న సిలిండర్ నింపించుకొస్తానని ఇంకొకరు. నన్నడిగితే, కారులో నలుగురైదుగురు పోతుంటే కంపెనీవాళ్ళ ఐదు కిలోల సిలిండర్, బైక్ మీద ఇద్దరు పోతుంటే కొత్త డబ్బా. మిగతా రెండూ వద్దు.

ముందు డబ్బుల సంగతి, వాదన మొదలయ్యేది అక్కడే కాబట్టి. ఇంటి బండ వెయ్యి రూపాయలు అనుకుందాం. కిలో 70 పడుతుంది, 230 గ్రాములకు పదహారు రూపాయలు. రెండు వందల డబ్బా పక్కన పెట్టి చూస్తే మస్తు తేడా, అది అబద్ధం కాదు. కానీ చిన్న క్యాంపింగ్ పొయ్యి మీద లీటరు నీళ్ళు మరగడానికి పది, పదిహేను గ్రాముల గ్యాస్ చాలు. ఇద్దరికి రాత్రి మ్యాగీ, పొద్దున రెండుసార్లు చాయ్ అయ్యాక కూడా డబ్బాలో ఇంకా మిగులుతుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు పోయేవాడికి మిగిలేది ఒక బిర్యానీ పార్టీ ఖర్చు, అందులో అడాప్టర్‌కీ గ్రాములు చూపించే కాటాకీ పెట్టాల్సింది తీసేస్తే అదీ ఉండదు.

ఇక అసలు విషయం. ఖాళీ డబ్బాను మళ్ళీ నింపుకునే ఆలోచన మనవాళ్ళకు ఎక్కువగా అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడ వాడేది పౌండు బరువు పట్టే ప్రొపేన్ సిలిండర్, ఉక్కుతో ప్రొపేన్ ఒత్తిడికే చేసినది, ఒత్తిడి మించితే వదిలే వాల్వు కూడా దానికి ఉంటుంది. అయినా ఒకసారి వాడి పారేసే రకాన్ని మళ్ళీ నింపి రోడ్డు మీద తీసుకెళ్ళడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమని దాని మీదే ముద్రించి ఉంటుంది. కాలిఫోర్నియా అయితే 2028 నుంచి అలాంటి వాటి అమ్మకాన్నే ఆపేస్తోంది, నింపుకోవడానికే తయారుచేసినవి మాత్రం అమ్మొచ్చు. మన చేతిలో ఉండే పల్చటి రేకు డబ్బా వేరు. అది బ్యూటేన్ కోసం, లేదా బ్యూటేన్‌లో కొంచెం ప్రొపేన్ కలిపిన గ్యాస్ కోసం చేసింది. మన వంటింటి బండలో ఉన్నది రెండూ కలిసిన మిశ్రమం, ఏది ఎంత పాలో బండ మీద రాసి ఉండదు. 40 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఒత్తిడి బ్యూటేన్ ఒత్తిడికి సుమారు మూడున్నర రెట్లు. వరంగల్‌లో మే నెల 43, 44 చూస్తాం, ఎండలో ఆపిన కారు లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు, డబ్బా మీదేమో 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది.

డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరిచి, బండను తలకిందులు చేసి పడితే తొందరగా నిండుతుందని వీడియోల్లో చెప్తారు. నిండుతుంది, నిజమే. ఇబ్బందంతా అక్కడే ఉంది. చల్లగా ఉన్నప్పుడు ద్రవం కుదించుకుని ఉంటుంది, కాబట్టి అదే డబ్బాలో ఎక్కువ గ్యాస్ పడుతుంది. బయటికి తీశాక ద్రవం వ్యాకోచిస్తుంది, పదిహేను డిగ్రీల నుంచి నలభై ఐదుకు పోయేసరికి ఆరు నుంచి పది శాతం దాకా పెరుగుతుంది. అందుకే ఎల్పీజీ పాత్ర దేన్నైనా 80, 85 శాతం దగ్గరే ఆపుతారు, పైన ఆవిరికి ఖాళీ ఉండాలని. ఆ ఖాళీ లేకపోతే ద్రవానికి పోవడానికి చోటుండదు, రేకే చీలాలి. చేతితో ఊపి, చెవి దగ్గర పెట్టి నిండిందో లేదో చెప్పే మొనగాళ్ళున్నారు. తూకం వేయకుండా నింపిన డబ్బా పక్కన నేను పడుకోను.

నింపేటప్పుడు లీకైన గ్యాస్ సంగతి కూడా ఉంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. ద్రవం ఆవిరైతే సుమారు 250 రెట్ల పరిమాణం అవుతుంది కాబట్టి గ్లాసెడు కారినా నేల దగ్గర అంటుకునేంత గ్యాస్ పోగవుతుంది. పక్కనే ఫ్రిజ్ ఆన్ అయితే ఆ నిప్పురవ్వ చాలు. చట్టం మాట కూడా చెప్పాలి: అనుమతి లేకుండా ఒక సిలిండర్ నుంచి ఇంకోదాంట్లోకి గ్యాస్ ఎక్కించడాన్ని 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు నిషేధించింది, దాని వెనక నిత్యావసర సరుకుల చట్టం ఉంది.

కిలోల లెక్కన నింపే దుకాణాల చిన్న సిలిండర్ గురించి ఎక్కువ చెప్పను. రూముల్లో ఉండి చదువుకునే పిల్లలు నెత్తి మీద బర్నర్ ఉన్న రెండు మూడు కిలోల సిలిండర్ వాడతారు, వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ చాలా వాటికి ఐఎస్‌ఐ గుర్తు లేదు, ఎప్పుడు పరీక్ష చేశారో రాసి ఉండదు, రెగ్యులేటర్ లేదు, నింపే గ్యాస్ కూడా ఎవరో ఇంటి బండ నుంచి తీసిందే. రేకు డబ్బా నింపడం కంటే ఇది ఘోరం, ఎందుకంటే ఇక్కడ గ్యాస్ పది రెట్లు ఎక్కువ.

ఐదు కిలోల సిలిండర్ ఇండేన్‌లో ఛోటూ, హెచ్‌పీలో అప్పు, భారత్ గ్యాస్‌లో మినీ అనే పేర్లతో వస్తుంది. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఏజెన్సీలతో పాటు కొన్ని పెట్రోల్ బంకుల్లో, కిరాణా షాపుల్లో దొరుకుతుంది, ఖాళీ అయితే ఇచ్చి నిండింది తెచ్చుకోవచ్చు. కిలో ధర ఇంటి బండ కంటే ఎక్కువే, సబ్సిడీ రాదు, మొదట సిలిండర్ డబ్బులు కట్టాలి. బరువు కూడా, నిండుగా పది కిలోలు దాటుతుంది, గుట్ట ఎక్కేటప్పుడు మోయలేరు. కానీ నలుగురికి బగారన్నం, కోడికూర వండాలంటే రేకు డబ్బాలు వరసగా ఖాళీ అవుతాయి: పెద్ద మంట పెట్టే పొయ్యి మీద ఒక డబ్బా గంటన్నర వస్తే గొప్ప. తీసుకునేటప్పుడు పైన పట్టీ మీద అక్షరం, సంవత్సరం చూడండి. బి-28 అని ఉంటే 2028 జూన్ వరకు పరీక్ష గడువు ఉన్నట్టు (ఏ అంటే మార్చి, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్).

చలికి బ్యూటేన్ మండదని భయపెట్టేవాళ్ళ మాట ఇక్కడ పట్టించుకోవద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర మొండికేస్తుంది, లక్నవరం ఒడ్డున జనవరి తెల్లవారుజాము ఎంత వణికించినా అంత దిగదు.

మేడారం జాతరకు బస్సులో పోయేవాళ్ళకు ఈ లెక్కలేవీ వర్తించవు, గ్యాస్ ఏ రూపంలో ఉన్నా బస్సు, రైలు ఎక్కించకూడదు. వాళ్ళకు అక్కడ కొన్న కట్టెలు, మూడు రాళ్ళ పొయ్యే మేలు. తాడ్వాయి అడవిలోపల మాత్రం ఏ మంటైనా ఫారెస్టువాళ్ళని అడక్కుండా పెట్టొద్దు.