24, 25, 30, 50: గోదావరి జిల్లాల్లో పెళ్లి తీసేవాళ్లకు ఏది మేలు?

అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: కెమెరాలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తీసే ఫ్రేముల (బొమ్మల) లెక్క, ఎంత పెట్టాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. మన కరెంటు దీపాల కింద తీసే పనికి 25 పెట్టండి, స్లో మోషన్ కావాల్సిన చోట 50 పెట్టండి. 24కీ 30కీ వాటి చోటు వాటికుంది. కానీ పెళ్లి మొత్తానికి ఒకే అంకె ఎంచుకోవాలంటే నేను 25 తప్ప ఇంకోటి చెప్పను. ఇక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద వీడియో జర్క్ కొట్టడం వేరే జబ్బు. దానికి ఫ్రేమ్ రేటు మార్చి వైద్యం చేయబోయేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ విడదీసి చూద్దాం.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, సీరియల్ సెట్లు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి. మన కంటికి అది తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం, సెకనులో 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంటే ప్రతి ఫ్రేములోనూ వెలుగు సమానంగా పడుతుంది. ఫ్రేమ్ రేటుకు రెట్టింపు షట్టర్ పెట్టడం కెమెరామెన్ల పాత లెక్క. 25కి అది 1/50, 50కి 1/100. అంటే మన కరెంటుకీ ఆ లెక్కకీ పేచీ లేదు. అదే 30 పెట్టి అలవాటు కొద్దీ 1/60 తిప్పితే మండపం వెనక కట్టిన తెల్ల గుడ్డ మీద నల్ల పట్టీలు పాకుతాయి. ఎడిటింగ్‌లో వాటిని పూర్తిగా తీసేయడం చాలా కష్టం.

30లో కూడా షట్టర్‌ని 1/50 దగ్గరో 1/100 దగ్గరో లాక్ చేస్తే పట్టీలు రావు. ఇది నిజం, 30 వాడేవాళ్లు చెప్పే మాట సరైనదే. అయితే పెళ్లిలో కెమెరా ఒక్కటే ఉండదు. ఒకటి మన చేతిలో, ఒకటి అద్దెకి వచ్చిన కుర్రాడి చేతిలో, ఇంకోటి ట్రైపాడ్ మీద. జీలకర్ర బెల్లం హడావుడిలో ఎవరో ఒకరి షట్టర్ ఆటోలోకి జారుతుంది. 25లో జారినా సరిదిద్దుకోవడానికి గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే. పగటిపూట మాత్రం లెన్స్‌లోకి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా 1/50 నిలవదు, అది జేబులో ఉండాల్సిందే.

అర్ధరాత్రి ముహూర్తాల్లో ఇంకో చిక్కుంది. కరెంటు పోయి జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు 50 హెర్ట్జ్ అనేది ఇంజన్ వేగం మీద ఆధారపడుతుంది. మామూలు డీజిల్ సెట్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 వస్తుంది. లోడు తగ్గినా పెరిగినా ఆ వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది. మీరు 1/50 మీదే ఉన్నా పట్టీలు నెమ్మదిగా కదులుతుంటే కెమెరాను అనుమానించకండి. షట్టర్‌ని సన్నగా పాయింట్లలో మార్చుకునే వీలున్న కెమెరా అయితే ఆ పట్టీలు ఆగేదాకా తిప్పుకోవచ్చు. లేకపోతే మంచి రకం బ్యాటరీ లైటు వధూవరుల ముఖాల మీద వేసి, జనరేటర్ దీపాల వాటా తగ్గించడమే దారి.

24 సంగతి క్లుప్తంగా. మూగ సినిమా పోయి మాటల సినిమా వచ్చిన రోజుల్లో, 1920ల చివర్లో, స్థిరపడిన లెక్క అది. మన కెమెరాల్లో 24 అని కనిపించేది చాలాసార్లు 23.976. 1953లో అమెరికాలో రంగుల టీవీ కోసం 30ని 29.97 చేసినప్పటి సర్దుబాటుకి అది చుట్టం. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన పాలకొల్లు చుట్టుపక్కల షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లకు కొదవ లేదు. థియేటర్‌లో వేయాలనే ఆశ ఉంటే 24లోనే తీయండి, షట్టర్ 1/50 పెట్టండి, మన దీపాల కింద ఏ ఇబ్బందీ రాదు. పెళ్లికి మాత్రం 24 వల్ల 25 కంటే అదనంగా వచ్చే అందం ఏమీ లేదని నా అభిప్రాయం. ఒక్క ఫ్రేము తేడాని చూసి పట్టుకోగల కన్ను నాకు ఇంతవరకూ తారసపడలేదు.

30కి అసలు బలం ఫోన్ తెర. ఫోన్లు ఎక్కువగా 60 లేదా 120 హెర్ట్జ్ మీద నడుస్తాయి, 30 ఆ రెండింటిలోనూ నిండుగా ఇముడుతుంది. దిండి దగ్గరో, పాపికొండల లాంచీ మీదో ఎండలో ప్రీ వెడ్డింగ్ తీసి, రీల్స్‌కే ఇచ్చే పనైతే 30 పెట్టుకోండి. అక్కడ 25 కంటే అదే మేలు.

ఇక ఎక్కువ నష్టం చేసేది కలగాపులగం. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన కెమెరా ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా టీవీ పద్ధతి) ఉంటుంది, మెనూలో పాల్‌కి (మన పద్ధతి) మార్చేదాకా చాలా మోడళ్లలో 25, 50 కనిపించనే కనిపించవు. అద్దె కుర్రాడు ‘25 లేదన్నా ఇందులో’ అని 30లో తీసి కార్డు ఇచ్చేస్తాడు. దాన్ని 25 టైమ్‌లైన్‌లో వేస్తే సుమారు ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది. కూర్చున్న పురోహితుడి మీద అది తెలియదు. తలంబ్రాల దగ్గర తెలుస్తుంది. పెళ్లికూతురు దోసిలెత్తి పోస్తుంటే చెయ్యి మెత్తగా దిగాల్సింది పోయి మధ్యలో ఒక్క గెంతు గెంతుతుంది. అది సరిచేయాలని ఆప్టికల్ ఫ్లో పెడతారు. అప్పుడు చెయ్యి మెత్తబడుతుంది గానీ బియ్యం గింజలు పాడవుతాయి. లేని ఫ్రేముని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది కదా, వందల గింజలు ఒకదానికొకటి అడ్డంగా పడుతుంటే ఏ గింజ ఎటు పోయిందో దానికి అంతుపట్టదు. ముత్యాలు, థర్మకోల్ పూసలు కలిపిన తలంబ్రాలైతే గాలిలో తెల్లటి జిగురు సాగినట్టు వస్తాయి. ఆగి ఆగి చూడండి, వరుడి తలపాగా అంచు కూడా వాటితోపాటు వంకరపోతుంది. అందుకని తలంబ్రాల షాట్‌ని ఉన్నదున్నట్టు వదిలేయడమో, 25లో తీసిన కెమెరా షాట్ వాడుకోవడమో చేయాలి. మాటలు లేని షాట్లకు, అంటే డెకరేషన్, దీపాలు, పందిరి లాంటివాటికి ఇంకా మంచి ఉపాయం ఉంది. 30 క్లిప్‌ని 25గా చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి. సుమారు 83 శాతం వేగంతో ఆడుతుంది, ఒక్క ఫ్రేము కూడా పోదు, చూడ్డానికి ఇంకాస్త నిదానంగా హాయిగా ఉంటుంది.

‘వీడియో ఆగి ఆగి వస్తందండీ’ అని ఫోన్ చేసేవాళ్లని నేను ముందు అడిగేది ఒకటే: బాణం గుర్తు కీ నొక్కుతూ ఒక్కొక్క ఫ్రేమే కదిపి చూశారా? కదిలే వస్తువు క్రమం తప్పకుండా ఒకచోట ఆగడమో గెంతడమో కనిపిస్తే లోపం ఫైల్లోనే ఉంది. ప్రతి ఫ్రేమూ సమానంగా కదులుతుంటే ఫైలు బాగున్నట్టే, తేడా కంప్యూటర్‌లోనో తెరలోనో ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లయిన ప్రీమియర్‌లోనూ, రిజాల్వ్‌లోనూ ఆడేటప్పుడు ఫ్రేములు పోతున్నాయో లేదో చూపించే గుర్తులున్నాయి. అవి ఏమీ పోలేదని చెబుతున్నా పాన్ షాట్ (కెమెరాని పక్కకి తిప్పుతూ తీసింది) వణికితే తెరని చూడండి. మానిటర్ 60 హెర్ట్జ్ మీద ఉంటే 25 ఫ్రేముల వీడియోలో కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనబడతాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నిలువుగా మోసుకొచ్చే ప్రభ (రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన చట్రం) వెంట పాన్ చేసిన షాట్ చూస్తే ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, రంగు గుడ్డల అంచులు తడబడుతూ నడుస్తాయి. మానిటర్‌ని 50 హెర్ట్జ్‌కి మార్చి అదే షాట్ ఆడించండి, తడబాటు పోతుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్ల ప్రభలు కౌశిక కాలువ దాటే ఘట్టాన్ని 50లో తీసి 25లో సగం వేగంతో ఆడిస్తే నీళ్లు చిమ్మడం, మోసేవాళ్ల భుజాలు ఒరగడం అన్నీ నిలిచి కనిపిస్తాయి. నాకు ఇష్టమైన వాడకం అది.

తెర బాగుండి, ఫైలు బాగుండి, ఫ్రేములు మాత్రం పోతుంటే బరువు కంప్యూటర్ మీద పడుతోంది. ఇక్కడ మూడు దారులు: కొత్త గ్రాఫిక్స్ కార్డు, ఫుటేజ్ మొత్తాన్ని ప్రోరెస్‌కో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌కో (ఎడిటింగ్‌లో తేలిగ్గా ఆడే పెద్ద ఫైళ్ల రకాలు) మార్చడం, ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకే వాడుకునే తేలికపాటి నకళ్లు). కార్డు కొనే ముందు కెమెరా ఏ రకం ఫైలు రాస్తోందో చూసుకోండి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలా మోడళ్లు హెచ్.265లో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువ ఉంచే, విప్పడానికి బరువైన రకం) రాయగలవు. ఎన్‌విడియాలో 50 సిరీస్‌కి ముందు కార్డుల్లో దాన్ని విప్పే హార్డ్‌వేర్ లేదు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి, ఆపిల్ ఎం సిరీస్‌కి ఉంది. 40 సిరీస్ కార్డుకి డబ్బు పోసి, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ పెట్టించుకుంటే, ఆ ఎఫ్ మోడల్‌లో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి, భారమంతా మామూలు కోర్ల మీదే పడి వీడియో ఈడ్చుకుంటుంది. అప్పు చేసి కార్డు కొని ఇలా ఇరుక్కున్నవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మొత్తం మార్చేస్తే టైమ్‌లైన్ చక్కగా ఆడుతుంది, కానీ హార్డ్‌డిస్క్ ఏడుస్తుంది. హెచ్‌డీ 25లో ప్రోరెస్ 422 సెకనుకు 122 మెగాబిట్లు, అంటే గంటకు 55 జీబీ. రెండు మూడు కెమెరాలది కలిపి పది గంటల ఫుటేజ్ అనుకుంటే 550 జీబీ. ప్రోరెస్ ప్రాక్సీ అయితే 38 మెగాబిట్లు, గంటకు 17 జీబీ, పది గంటలకు 170. పెళ్లిళ్ల సీజన్లో వరసగా పనులున్న స్టూడియోకి ప్రాక్సీలే మేలు. రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే తెల్లారేసరికి చాలావరకు తయారవుతాయి, మధ్యలో కరెంటు పోయినా మిగిలిన క్లిప్పులకే మళ్లీ పెట్టుకోవచ్చు. రంగులు దిద్దేటప్పుడు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒరిజినల్‌కి మారడం మరిచిపోకండి. పూర్తి మార్పిడి నేను ఒక్క చోటే ఒప్పుకుంటాను: చిన్న ప్రకటనో, పాటో అయి, ఫుటేజ్ తక్కువగా ఉండి, దాని మీద ఎఫెక్టుల పని ఎక్కువున్నప్పుడు.

బంధువుల ఫోన్ల నుంచి వచ్చే హల్దీ, సంగీత్ క్లిప్పులది వేరే కథ. ఫోను వెలుగుని బట్టి ఫ్రేములు తగ్గించి పెంచి రాస్తుంది, కొంతసేపటికి మాటకీ పెదాలకీ పొంతన తప్పుతుంది. వాటిని టైమ్‌లైన్ మీద పడేసే ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోండి. మీ కుర్రాడే ఐఫోన్‌తో తీస్తుంటే కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్లు చూపించు అనేది నొక్కితే 25 వస్తుంది. ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో షట్టర్ కూడా లాక్ అవుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్ల దగ్గర జనంలో ఫోనుతో తీయాల్సిన షాట్లు బోలెడు ఉంటాయి, ఇప్పటి నుంచే ఈ అలవాటు చేసుకోవడం మంచిది.

పని అప్పగించేటప్పుడు 25ది 25గానే ఇవ్వండి, యూట్యూబ్ దాన్ని అలాగే తీసుకుంటుంది. రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ తెర మీద వేసేటప్పుడు ల్యాప్‌టాప్ అవుట్‌పుట్ 50 హెర్ట్జ్‌కి మారుతుందేమో తెర వాళ్లతో ముందురోజే చూసుకోండి. లోకల్ కేబుల్ చానల్ వాళ్లు 1080ఐ 50 (ఒక్కో ఫ్రేమునీ ఫీల్డులనే రెండు సగాలుగా పంపే రకం) అడిగితే ఎక్స్‌పోర్ట్‌లో అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ ఎంచుకోవాలి. పాత డీవీ టేపుల రోజుల నుంచి దాచుకున్న ప్రీసెట్‌లో లోయర్ ఉంటుంది, అది వాడితే కదిలే అంచులు ముందుకీ వెనక్కీ ఊగవచ్చు.