రివర్‌సైడ్: 2005 ఆల్బమా, 2018 ఆల్బమా?

రివర్‌సైడ్ పోలండ్‌లోని వార్సాలో 2001లో మొదలైన ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, భాగాలుగా అల్లిన పాటలుండే రాక్) బ్యాండ్. దాన్ని కొత్తగా వినేవాళ్లకు సాధారణంగా 'సెకండ్ లైఫ్ సిండ్రోమ్' (2005) ఆల్బమ్ చేతిలో పెడతారు. 'వేస్ట్‌ల్యాండ్' (2018) దానికేమీ తీసిపోదు, కానీ దాని దారి వేరు.

మొదటిది కలకూ మెలకువకూ మధ్య నడిచే మూడు ఆల్బమ్‌ల వరుసలో రెండోది. ఆల్బమ్ పేరే ఉన్న పాట ఒక్కటే పదిహేను నిమిషాలు దాటుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే పల్లవి కోసం ఎదురుచూస్తారు. ఆ పాట భాగాలుగా కదులుతుంది; బ్యాండ్ గాయకుడు మారియుష్ దూదా వాయించే బేస్ గిటార్‌ను పట్టుకుని వెళ్తే దారి తప్పదు. ముందు అదే ఆల్బమ్‌లోని 'కన్సీవింగ్ యూ' పాట వినండి. చిన్నది, నెమ్మదైనది. మిహావ్ వాపయ్ కీబోర్డులు, పియోత్ర్ గ్రుజింస్కి గిటార్ ఒకదాన్నొకటి ఎలా నింపుకుంటాయో అందులో తేటగా తెలుస్తుంది.

గ్రుజింస్కి 2016 ఫిబ్రవరిలో మరణించారు. 'వేస్ట్‌ల్యాండ్'లో ఆ లోటును దాచలేదు. బ్యాండ్ ముగ్గురితోనే నిలబడింది. గిటార్ చాలావరకు దూదాయే వాయించారు, కొన్ని సోలోలకు అతిథి గిటారిస్టుగా మాచెయ్ మెల్లెర్ వచ్చారు. ప్రళయం తర్వాతి లోకం ఇతివృత్తం. మొదటి పాట దాదాపు గొంతు ఒక్కటే. ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ మాయమై ఆల్బమ్ పలచగా అనిపిస్తుంది, హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

మెటల్ అలవాటున్నవాళ్లు 2005 నుంచి మొదలుపెట్టవచ్చు. పాటలో మాటకు విలువిచ్చేవాళ్లకు నా ఓటు 2018కే.