బి.పి.ఎడ్. మొదటి ఏడాది: ఐదుకి మూడున్నర

వ్యాయామ టీచర్ల కోర్సు బి.పి.ఎడ్.కి పెట్టే ఎంట్రన్స్ పీఈసెట్‌లో 100 మీటర్లు, షాట్‌పుట్, కబడ్డీ స్కిల్ టెస్ట్ అన్నీ దాటి సీటు తెచ్చుకున్నదాన్ని. ఇక రెండేళ్లూ గ్రౌండ్‌లోనే అనుకున్నాను. మొదటి సోమవారమే అనాటమీ క్లాసు! కాలేజీ పేరు రాయను, ఇంకో ఏడాది అక్కడే చదవాలి.

ముందు తిట్లు. పొద్దున్నే ఐదున్నరకి ప్రాక్టీస్, పదింటికి థియరీ. సార్ ఇంగ్లిష్ నోట్స్ చెప్పుకుంటూ పోతారు, మేం రాసుకుంటూ పోతాం. డిగ్రీ దాకా నాది తెలుగు మీడియమే. రెండో పేజీకల్లా నిద్ర ముంచుకొచ్చి అక్షరాలు గీతలైపోయేవి. సౌత్ జోన్ టోర్నమెంట్‌కి వెళ్లిన రోజులకి హాజరు వేశారు, అబద్ధం ఎందుకు. పోయిన పాఠాలు మాత్రం ఎవరూ చెప్పలేదు. సీనియర్ అక్క నోట్స్ జిరాక్స్ తీయించుకుని ఇంటర్నల్స్ గట్టెక్కాను.

నేనిచ్చిన ఆ మూడున్నర మార్కులు కూడా చాలావరకు ట్రాక్ మార్కింగ్ మేడమ్‌కే. స్టాగర్ లెక్క, అంటే బయటి లేన్లవాళ్లని ఎంత ముందు నిలబెట్టాలన్నది, బోర్డు మీద ఎవరికీ ఎక్కలేదు. మర్నాడు టేపు, సున్నం పట్టించి మమ్మల్ని గ్రౌండ్‌కి తీసుకెళ్లారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. మొదటి లేన్‌ని లోపలి గట్టు నుంచి 30 సెంటీమీటర్లు, మిగతావాటిని గీత నుంచి 20 సెంటీమీటర్లు వదిలి కొలుస్తారు. ఆ పది సెంటీమీటర్ల తేడా తీసేస్తే 1.12. దాన్ని 2πతో గుణిస్తే 7.04 మీటర్లు. 400 మీటర్లలో రెండో లేన్ అమ్మాయిని అంత ముందు నిలబెట్టాలి. స్కూల్లో ‘దాన్ని ముందు నిలబెట్టారు’ అని ఏడ్చింది నేనే! లెక్కల్లో అత్తెసరు మార్కులదాన్ని, మూడో లేన్‌కి 14.70 అని నేనే తేల్చాను.

టీచింగ్ ప్రాక్టీస్‌లో పరువు పోయింది. గవర్నమెంటు స్కూల్లో ఎనిమిదో తరగతికి కబడ్డీలో బోనస్ పాయింట్ ఎలా తెచ్చుకోవాలో చేసి చూపించాను. ‘ఎలా చేశారో చెప్పండి టీచర్’ అందో పిల్ల. నోట మాట రాలేదు. పదేళ్లుగా ఆడుతున్నా, వెనక కాలు గాల్లో ఉండగానే ముందు కాలు బోనస్ గీత దాటాలని ఎవరికీ విడమరిచి చెప్పే పని పడలేదు మరి. ఆ రాత్రి లెసన్ ప్లాన్ మొత్తం తెలుగులో మళ్లీ రాసుకున్నాను.

చేరబోయేవాళ్లకి ఒక్క మాట: మెస్‌లో టిఫిన్ ఎనిమిదిన్నరకే అయిపోతుంది. గ్రౌండ్ నుంచి నేరుగా అటే వెళ్లండి, స్నానం తర్వాత చూసుకోవచ్చు.