కియోస్‌లో ఒక్క రోజే ఉంటే: మెస్టానా, పిర్గినా?

గ్రీస్‌లోని కియోస్ దీవికి వెళ్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మొన్న వెళ్లినప్పుడు నాకూ తేల్చుకోవడం కష్టమై రెండూ చూసొచ్చాను.

రెండూ దీవి దక్షిణాన ఉన్న, మస్తిక్ అనే చెట్టు జిగురు తీసే ఊళ్లే. హైదరాబాద్ యునానీ షాపుల్లో రూమీ మస్తగీ అంటారే, ఆ జిగురు పుట్టిల్లు ఇదే. 1346లో దీవిని పట్టుకున్న జెనోవా వర్తకులకు అదే సిరి. సముద్రపు దొంగల భయం ఎక్కువ కాబట్టి ఊళ్లను కోటల్లా కట్టించారు.

పిర్గి కంటికి పండగ. గోడకు నల్ల ఇసుక కలిపిన గచ్చు పూస్తారు. దానిమీద తెల్ల సున్నం వేసి, తడి ఆరకముందే ఫోర్కులాంటి పనిముట్టుతో గీకుతారు. గీకినచోట కింది బూడిదరంగు బయటపడి, గోడంతా ముగ్గు పెట్టినట్టు ఉంటుంది. బాల్కనీలకు ఎర్రటి చిన్న టమాటాల దండలు వేలాడతాయి. అపోస్తలుల చర్చిలో 1665 నాటి గోడ బొమ్మలు తప్పక చూడండి. ఫొటోలే ముఖ్యమైతే మీ ఊరు పిర్గి.

నాకు మాత్రం కోట ముఖ్యం. పిర్గిలో ఊరు గోడ దాటి పెరిగిపోయింది, కోటను వెతుక్కోవాలి. మెస్టాలో వెతకక్కర్లేదు, దాని లోపలే నడుస్తాం. చివరి వరుస ఇళ్ల వీపులే ప్రహరీ. సందులు ఎంత ఇరుకంటే చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. కొన్నిచోట్ల నెత్తిమీద రాతి కమానులు, వాటిపైన ఎవరివో గదులు. ఇళ్ల పైకప్పులు దాదాపు ఒకే ఎత్తులో, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. శత్రువు లోపలికొస్తే జనం వాటిమీదుగానే నడి ఊళ్లోని బురుజుకి పరుగెత్తేవాళ్లు. ఆ బురుజు ఇప్పుడు లేదు. దాని స్థానంలో పెద్ద టాక్సియార్కిస్ చర్చి ఉంది.

ఈ రెండింటి మధ్య ఒలింపి అనే చిన్న ఊరుంది. దారిలోనే కాబట్టి ఓ అరగంట ఆగితే చాలు.

నా మాట వింటే, రాత్రి మెస్టాలోనే పడుకోండి. పాత రాతి ఇళ్లలోనే గదులు అద్దెకిస్తారు. పగలు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, దీపాల వెలుగులో ఆ సందుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది. ఆ గంట కోసమే నేను మెస్టా వైపు మొగ్గుతున్నాను. కియోస్ టౌన్ నుంచి పిర్గి సుమారు 25 కిలోమీటర్లు, మెస్టా 35. దారి ఒకటే కాబట్టి పొద్దున పిర్గిలో గంటన్నర ఆగి ముందుకు సాగొచ్చు. బస్సులు తక్కువ, కారు తీసుకోండి. దాన్ని ఊరి బయటే ఆపాలి, లోపలంతా రాళ్ల బాట. చక్రాల సూట్‌కేస్ వద్దు, భుజాన వేసుకునే బ్యాగు తెచ్చుకోండి.