మిషిగన్ 45, ఒహాయో స్టేట్ 39: ఏది మేటి?

నవంబరు చివరి శనివారం దగ్గరపడే కొద్దీ నాకు ఫోన్లు మొదలవుతాయి. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన బంధువులు, కొలంబస్‌లో పిల్లల్ని చదివిస్తున్న మిత్రులు, ఎవరు పలకరించినా మాట చివరికి ఒకచోటికే వస్తుంది: "ఇన్నేళ్లుగా చూస్తున్నారు కదా, మీరే చెప్పండి. మిషిగన్ గొప్పదా, ఒహాయో స్టేట్ గొప్పదా?" ఈ రెండూ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే విశ్వవిద్యాలయ జట్లు, ఆ శనివారమే ఒకదానితో ఒకటి తలపడతాయి. నేను ఉండేది టొలీడోలో. ఇక్కడి నుంచి మిషిగన్ జట్టు ఉండే యాన్ ఆర్బర్‌కు గంట ప్రయాణం, ఒహాయో స్టేట్ జట్టు ఉండే కొలంబస్‌కు రెండున్నర గంటలు. 1835లో ఈ ఊరు మాదంటే మాదని ఒహాయో రాష్ట్రమూ, అప్పటికింకా రాష్ట్రం కాని మిషిగనూ సాయుధ దళాలను సరిహద్దుకు తెచ్చి నిలబెట్టాయి. మా వీధిలో నేటికీ సగం ఇళ్ల ముందు ఎర్ర జెండా, సగం ఇళ్ల ముందు నీలం జెండా ఎగురుతాయి. ఇంతకాలం ఈ ప్రశ్నకు మాట దాటవేస్తూ వచ్చాను. ఈసారి కూర్చుని లెక్క తేల్చాను.

మిషిగన్ అభిమానులు ముందుగా చెప్పేది 45. బిగ్ టెన్ అంటే ఈ రెండు జట్లూ ఆడే విశ్వవిద్యాలయాల లీగ్, దాన్నే కాన్ఫరెన్సు అంటారు. దాని టైటిళ్లు వాళ్లకు 45, ఒహాయో స్టేట్‌కు 39. ఆరు టైటిళ్ల తేడా చిన్నదేమీ కాదు. నేనూ చాలాకాలం ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. మొన్నొక సాయంత్రం నోటుపుస్తకం తెరిచి, పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు నీలం సిరాతో మిషిగన్ గెలిచిన సంవత్సరాలు, కుడివైపు ఎర్ర సిరాతో ఒహాయో స్టేట్ గెలిచిన సంవత్సరాలు రాసుకుంటూ వెళ్లాను. ఎడమవైపు 1898తో మొదలైంది. 1901, 1902, 1903, 1904, 1906 రాసేదాకా కుడివైపు ఒక్క అంకె కూడా పడలేదు. ఎలా పడుతుంది? ఒహాయో స్టేట్ ఈ కాన్ఫరెన్సులో చేరిందే 1912లో. దాని మొదటి టైటిల్ 1916లో. ఆ తొలి ఆరింటినీ పక్కనపెట్టి మిగిలినవి లెక్కపెట్టాను. ఎడమవైపు 39. కుడివైపు 39. పొరపాటు పడ్డానేమోనని ఒక్కో సంవత్సరం మీద వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. మారలేదు.

ఆ ఆరు టైటిళ్లకు విలువ లేదని నేను అనడం లేదు. మిషిగన్ కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ 1901లో నడిపిన జట్టు ఆ సీజన్‌లో 550 పాయింట్లు సాధించి, ఎదుటివాళ్లకు ఒక్కటి కూడా ఇవ్వలేదు. సీజన్ ముగిశాక ఆడే పేరున్న ఆట రోజ్ బౌల్, మొట్టమొదటిసారి జరిగినప్పుడు స్టాన్‌ఫర్డ్‌ను 49-0తో ఓడించింది. కానీ ఆ ఆరు గెలిచినప్పుడు ఒహాయో స్టేట్ బరిలోనే లేదు. ఈ ఇద్దరి మధ్య పోటీలో వాటిని మిషిగన్ ఆధిక్యంగా చూపడం సబబు కాదు. అలాగే 1907 నుంచి పదేళ్లు మిషిగన్ కాన్ఫరెన్సు బయట ఉంది, కాబట్టి ఒహాయో స్టేట్ 1916 టైటిల్ కూడా మిషిగన్ లేనప్పుడు వచ్చిందే. ఇక 2010 సంగతి. జ్ఞాపికలు అమ్ముకుని, వాటికి బదులు పచ్చబొట్లు వేయించుకున్న ఆటగాళ్ల కారణంగా ఒహాయో స్టేట్ ఆ ఏటి విజయాలు రద్దయ్యాయి, కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేశారు. ఆ సంవత్సరాన్ని నేను కుడివైపు రాయలేదు.

పక్కపక్కన రాస్తే మరో సంగతి కూడా కనిపించింది. తొమ్మిది సంవత్సరాలు రెండు వైపులా ఉన్నాయి: 1949, 1969, 1972, 1973, 1974, 1976, 1977, 1986, 1998. ఇవన్నీ ఉమ్మడి టైటిళ్లు. ఆ తొమ్మిది సార్లూ ముఖాముఖిలో ఎవరు గెలిచారో చూశాను. మిషిగన్ నాలుగు, ఒహాయో స్టేట్ మూడు, రెండు డ్రా. ఇక్కడా తూకం ఎటూ మొగ్గలేదు.

ఆ రెండు డ్రాలలో ఒకటి 1973 నాటిది. మిషిగన్ వాళ్లు దాన్ని ఇప్పటికీ మరిచిపోరు, మరిచిపోవాలని నేనూ అనను. రెండు జట్లూ ఓటమి ఎరుగకుండా యాన్ ఆర్బర్‌లో తలపడ్డాయి. ఆట 10-10తో ముగిసింది. ఆ రోజుల్లో బిగ్ టెన్ నుంచి రోజ్ బౌల్‌కు ఒక్క జట్టే వెళ్లాలి, మిగిలినవాళ్లకు సీజన్ తర్వాత అలాంటి ఏ ఆటా (బౌల్) లేదు. ఎవరిని పంపాలన్నది కాన్ఫరెన్సులోని విశ్వవిద్యాలయాల అథ్లెటిక్ డైరెక్టర్ల ఓటుకు వచ్చింది. మిషిగన్ దాడిని నడిపే క్వార్టర్ బ్యాక్ డెనిస్ ఫ్రాంక్లిన్‌కు ఆ ఆటలోనే భుజం దగ్గర ఎముక విరిగింది. ఓటు ఒహాయో స్టేట్‌కు పడింది. 1972 నుంచి 1974 వరకు మిషిగన్ 30 గెలిచి, రెండే ఓడి, ఒకటి డ్రా చేసుకుని, మూడేళ్లలో ఒక్క బౌల్ కూడా ఆడలేదు. మైదానంలో తేలని దాన్ని గదిలో ఓట్లతో తేల్చడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం.

జాతీయ టైటిళ్ల మాట రెండు ముక్కల్లో ముగిస్తాను. మిషిగన్ 12 అంటుంది, ఒహాయో స్టేట్ 9 అంటుంది. మిషిగన్ చెప్పే 12లో ఎనిమిది, 1936లో ఏపీ పోల్ (పాత్రికేయుల ఓటింగు) మొదలవకముందువి. ఆ తర్వాత కూడా చాలాకాలం జాతీయ విజేతను తేల్చింది ఓట్లే. 1997లో పాత్రికేయులు మిషిగన్‌ను, కోచ్‌లు నెబ్రాస్కాను ఎన్నుకున్నారు. అందుకే పాత తరాల విషయంలో నేను కాన్ఫరెన్సు టైటిల్‌నే నమ్ముతాను. అది ఎక్కువ భాగం మైదానంలో సంపాదించుకున్నది.

మరి రెండు వైపులా 39 ఉంటే దేన్ని బట్టి తేల్చాలి? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గెలుపుల మధ్య ఖాళీ. ఒక జట్టు ఎన్నిసార్లు గెలిచింది అన్నదాని కన్నా, గెలవడం ఎన్నేళ్లు మానేసింది, కోచ్ వెళ్లిపోయాక ఎంతకాలానికి లేచింది అన్నది దాని పునాది ఎంత గట్టిదో చెబుతుంది. నోటుపుస్తకంలో ఆ దృష్టితో చూస్తే రెండు వైపులా ఒకేలా లేవు. నీలం సిరాలో 1950 తర్వాత వచ్చేది 1964. 2004 తర్వాత వచ్చేది 2021. పద్నాలుగేళ్లు ఒకసారి, పదిహేడేళ్లు ఇంకోసారి. ఎర్ర సిరాలో 1920 నుంచి 1935 దాకా పదిహేనేళ్ల లోటు ఉన్న మాట నిజం. కానీ 1935 నుంచి 2020 దాకా ఏ రెండు టైటిళ్ల మధ్యా ఏడేళ్లకు మించిన దూరం లేదు.

మిషిగన్ మొదటి కరువుకు ముందు ఏం జరిగిందో చూడండి. 1950 నవంబరులో కొలంబస్‌లో మంచు తుపాను. మైదానం గీతలు కనబడనంత మంచు. మిషిగన్ ఆట మొత్తంలో ఒక్క ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లడం) కూడా సాధించలేదు. ముందుకెళ్లలేక 24 సార్లు బంతిని దూరంగా తన్ని (పంట్ చేసి) వదిలేసింది. అయినా ఒహాయో స్టేట్ పంట్లను అడ్డుకోవడం వల్ల 9-3తో గెలిచి, టైటిల్, రోజ్ బౌల్ రెండూ అందుకుంది. ఆ ఓటమి తర్వాత ఒహాయో స్టేట్ కోచ్ వెస్ ఫెస్లర్ తప్పుకున్నారు. ఆయన స్థానంలో వచ్చినవారు వుడీ హేస్. 28 సీజన్లలో 13 టైటిళ్లు తెచ్చారు. గెలిచిన మిషిగన్ మరో టైటిల్ కోసం పద్నాలుగేళ్లు ఎదురుచూసింది.

హేస్ దగ్గరే పనిచేసిన బో షెంబెక్లర్ 1969లో మిషిగన్‌కు వచ్చి, మొదటి ఏడాదే గురువును 24-12తో ఓడించారు. ఆయనవీ 13 టైటిళ్లే, అదీ 21 సీజన్లలో. కోచ్‌ల మధ్య పోలిక అయితే నేను బోకే ఓటు వేస్తాను. కానీ ఇక్కడ పోల్చేది సంస్థల్ని. హేస్ 1978 చివర్లో గేటర్ బౌల్‌లో ప్రత్యర్థి ఆటగాడిని కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నారు. అంతటి అవమానం జరిగిన మరుసటి ఏడాదే ఎర్ల్ బ్రూస్ టైటిల్ తెచ్చారు. జాన్ కూపర్ మిషిగన్ చేతిలో పదిసార్లు ఓడి కూడా మూడు ఉమ్మడి టైటిళ్లు సంపాదించారు. ట్రెసెల్, అర్బన్ మేయర్, రయన్ డే... హేస్ తర్వాత ఆ పదవిలో కుదురుగా పనిచేసిన ప్రతి ఒక్కరూ కనీసం ఒకటి గెలిచారు. మిషిగన్‌లో బో వేసిన బాట లాయిడ్ కార్‌తో ముగిసింది. 2008లో రిచ్ రాడ్రిగెజ్ రాగానే మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. ఆయనా గెలవలేదు, ఆయన తర్వాత బ్రేడీ హోకూ గెలవలేదు. జిమ్ హార్బాకు కూడా ఏడో సీజన్ దాకా పట్టింది. ఆ సీజన్‌తో మొదలైన మూడు టైటిళ్లూ, మూడేళ్లూ ఒహాయో స్టేట్‌ను ఓడించి తెచ్చిన తీరూ నాకెంతో ఇష్టం. అయినా ఇలా వరస తప్పకుండా టైటిళ్లు తెచ్చింది ఒహాయో స్టేటే. నా ఓటు అటే.

మిగతా జట్ల గురించీ అడుగుతారు. ఓక్లహామాకు 50 కాన్ఫరెన్సు టైటిళ్లున్నాయి. అందులో 1946 నుంచి 1959 వరకు వరసగా పద్నాలుగు వచ్చాయి, ఎదుట నిలిచేవాళ్లు లేని కాలంలో. నెబ్రాస్కాకు 46, చివరిది 1999లో. అలబామాకు ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్సులో 30. నోటర్‌డామ్ ఏ కాన్ఫరెన్సులోనూ లేదు. 2020లో ఒక్క సీజన్ ఏసీసీ అనే కాన్ఫరెన్సులో ఆడి, ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో ఓడింది. ఈ లెక్కలో దానికి చోటు లేదు.

నా తీర్పుకు పెద్ద అభ్యంతరం 2024. ఆ ఏడాది ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది, కాన్ఫరెన్సు ఫైనల్‌కు కూడా చేరలేదు. టైటిల్ ఆరెగాన్ తీసుకుపోయింది. అదే ఒహాయో స్టేట్ జనవరిలో నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ విజేత అయింది. జాతీయ విజేతను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్ వచ్చాక కాన్ఫరెన్సు టైటిల్ పోయినా జాతీయ కిరీటం దక్కుతుంది. పద్దెనిమిది జట్ల బిగ్ టెన్‌లో అందరూ అందరితో ఆడడమూ లేదు. 2025లో ఒహాయో స్టేట్ మిషిగన్‌ను 27-9తో ఓడించింది గానీ, కాన్ఫరెన్సు ఫైనల్లో ఇండియానా 13-10తో దాన్ని ఆపింది. కుడివైపు చివరి అంకె ఇంకా 2020 దగ్గరే ఉంది. పైగా అది కోవిడ్ ఏడాది. ఆ సీజన్‌లో ఒహాయో స్టేట్ ఐదు ఆటలే ఆడితే, కనీసం ఆరు ఉండాలన్న నిబంధనను కాన్ఫరెన్సు సడలించి ఫైనల్‌కు పంపింది.

2027 ముగిసేలోపు కుడివైపు మరో ఎర్ర అంకె పడకపోతే, 1935 నుంచి దాటని ఏడేళ్ల హద్దును ఒహాయో స్టేట్ దాటుతుంది. ఆ ఏడాది నవంబరులో ఫోను చేయండి, నోటుపుస్తకం మళ్లీ తెరుస్తాను.