జూడీ పుట్టిన ఇంటికి మూడు గంటల డ్రైవ్

మినియాపోలిస్ నుంచి ఉత్తరంగా మూడు గంటలు పోతే గ్రాండ్ ర్యాపిడ్స్. హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లాండ్ పుట్టిన ఇల్లు చూసొద్దామంటే మా ఆవిడ "ఒక్క ఇంటి కోసం అంత దూరమా?" అంది. పాపకేమో జూడీ సినిమా 'ద విజర్డ్ ఆఫ్ ఆజ్'లోని ఎర్ర చెప్పులు చూడాలని. అవిప్పుడు అక్కడ లేవని ముందే చెప్పకపోవడం నా తప్పే. 2005లో ఒకడు అక్కడి మ్యూజియంలో సుత్తితో అద్దం పగలగొట్టి ఎత్తుకుపోయాడు, నిజం కెంపులనుకుని! తీరా చూస్తే గాజు. 2018లో ఎఫ్‌బీఐకి దొరికాయి, 2024 డిసెంబరు వేలంలో 2.8 కోట్ల డాలర్లు పలికాయి. ఫీజులు అదనం.

నాకైతే చెప్పుల కన్నా ఇల్లే నచ్చింది. తెల్లటి చిన్న మేడ, మధ్యలో చెక్క మెట్లు. మెట్లు మలుపు తిరిగేచోట చాపంత జాగా ఉంది. అక్కచెల్లెళ్లు ముగ్గురికీ అదే స్టేజీ అట. అప్పటికి జూడీ పేరు ఫ్రాన్సెస్ గమ్, పుట్టింది 1922లో. నాన్నకి ఊళ్లో సినిమా హాలుండేది. రెండున్నరేళ్ల పిల్ల ఆ హాల్లో 'జింగిల్ బెల్స్' ఎత్తుకుని, చాలు దిగమన్నా దిగలేదట.

పక్కనే మ్యూజియం, అక్కడ తెలిసేది ఆమె తర్వాతి కథ. 13 ఏళ్లకే ఎంజీఎం సినిమా స్టూడియోతో కాంట్రాక్టు. లావైపోతుందని తిండి కట్టడి, షూటింగులకి మేలుకోవడానికో మాత్ర, పడుకోవడానికో మాత్ర. 1961లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ, ఆ రికార్డుకి గ్రామీ. 1969లో లండన్‌లో పోయింది, 47 ఏళ్లకే. మెట్లు చూసి ఇటు వస్తే కడుపులో దేవినట్టయింది.

బస మాత్రం దండగ. హైవే పక్క మోటెల్లో హీటర్ రాత్రంతా గిలకలా మోగింది, పొద్దున టిఫిన్ దగ్గర వాఫిల్ మెషీన్ పాడు. అడిగితే "రేపు బాగుచేస్తారు" అన్నారు, మేం ఖాళీ చేసేది ఇవాళైతే! ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే కాపాడింది.

అంతకుముందు లాస్ ఏంజెలిస్‌లో ఆమె సమాధి చూశాం. న్యూయార్క్ నుంచి 2017లో అక్కడికి మార్చారు. కల్వర్ సిటీలో పాత ఎంజీఎం స్థలం ఇప్పుడు సోనీది. లోపల 'విజర్డ్ ఆఫ్ ఆజ్' గుర్తుగా పెద్ద ఇంద్రధనుస్సు కట్టారు, ఫొటోకి బాగుంటుంది. మనసుకి మాత్రం ఈ మెట్లే.

వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, మ్యూజియంకి గంటన్నర చాలు, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. జూన్‌లో ఆమె పేరు మీద ఉత్సవం జరుగుతుంది, అప్పుడైతే రూమ్ ముందే బుక్ చేసుకోండి, హీటర్ సంగతి అడిగి మరీ.